ఊరు ఖాళీ చేసే పండుగ

గుడి పేరు చెప్పుకుని బతికే ఊరికి నేను నా ఇష్టంతో వెళ్ళడం ఇదే మొదటిసారి. నన్నెరిగినవాళ్ళు ఈ మాట చదివి నవ్వుకుంటారు. పూనకాల మీద, బలుల మీద, ముడుపుల మీద పాతికేళ్ళుగా రాస్తున్నదాన్ని. మా నాన్న తెనాలి దగ్గర బడిపంతులు. నాకు అక్షరాలు రాకముందే సంస్కరణ సభలకు తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టేవాడు. ఎదుటివాళ్ళ మాటలో బలహీనత ఎక్కడుందో వెతకడం నాకు అక్కడే అబ్బింది. అన్నం తినడం లాగే అదీ రోజువారీ అలవాటైపోయింది.

రాళ్ళవంకకు నేను వెళ్ళింది ఆ ఊరి దేవత సుంకులమ్మ కోసం కాదు, మహేశ్వరి కోసం.

రాయదుర్గం మెట్రో మెట్లు దిగి మా ఆఫీసు వైపు తిరిగే మలుపులో ఆమె టిఫిన్ బండి ఉండేది. అనంతపురం వాళ్ళు బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జి. నేను సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసే ఉద్యోగం చేస్తాను. పని మొత్తం తెర మీదే. కూకట్‌పల్లిలో ఒక్కదాన్నే ఉంటాను. పెళ్ళి ఎప్పుడో ముగిసిపోయింది, పిల్లలు లేరు. కొన్ని రోజుల్లో నేను నోరు తెరిచి మాట్లాడేది ఆ బండి దగ్గర మాత్రమే. బజ్జి వద్దంటే మహేశ్వరి ఒప్పుకునేది కాదు. బజ్జి లేని ఉగ్గాని తినేవాళ్ళు ఆస్పత్రిలో ఉండాలక్కా, ఆఫీసుకు రాకూడదు అనేది.

రెండేళ్ళ కింద తెల్లవారుజామున పిండి గిన్నెలతో వస్తూ ఆమె ఎక్కిన ఆటో లింగంపల్లి దాటాక బోల్తా పడింది. వెన్ను దెబ్బతింది. నడుము కింద స్పర్శ పోయింది. మొగుడు అంతకు చాలా ముందే వదిలి వెళ్ళాడు కాబట్టి అన్న వచ్చి ఊరికి తీసుకుపోయాడు. అప్పట్నుంచి అప్పుడప్పుడు ఫోనులో మాట్లాడుకుంటున్నాం. ఈసారి మా ఊరి పండక్కి రావల్ల అంది. నేను పండగలకు రానని నీకు తెలుసు కదా అన్నాను.

"దండం పెట్టొద్దులే అక్కా. నన్ను సూసి పో."

మియాపూర్

బస్సు మియాపూర్‌లో ఎక్కాలి. ఇంటి దగ్గర ఎక్కిన ఆటో డ్రైవరు ఎక్కడికి మేడం గింత పొద్దుగాల అని అడిగాడు. ఊళ్ళో పండగట అన్నాను. మంచిగ మొక్కుకొని రాండ్రి అన్నాడు. మొక్కనని, నాకు నమ్మకం లేదని, ఒకామెను చూడటానికి వెళుతున్నానని చెప్పాను. అంత చెప్పవలసిన పని లేదు. అద్దంలో నన్ను చూసి, "ఎవరో ఒకల కోసమే పోతరు మేడం అందరు" అని కిరాయి తీసుకుని వెళ్ళిపోయాడు. అతనికి చెప్పవలసిన జవాబు బస్సు కదిలాక తట్టింది. నాకు తరచూ ఇలాగే జరుగుతుంది. ఎవరూ లేనప్పుడు మంచి జవాబులు వస్తాయి.

పక్క సీటులో పుప్పాలగూడలో వాచ్‌మన్‌గా చేస్తున్న ఒకాయన. కర్నూలు అవతల ఊరు. తాను కాసే భవనంలో సగం ఇళ్ళు కొన్నవాళ్ళు ఇంకా దిగలేదట. పండగ సెలవులొస్తే ఉన్నవాళ్ళూ పోతారు. అప్పుడు అంత ఎత్తు భవనానికి తానూ, లిఫ్టూ మిగులుతామన్నాడు. ఏమీ తోచకపోతే లిఫ్టెక్కి పైకి పోయి కిందికి వస్తాడట. ఎందుకని అడిగితే, అందులో ఒక ఆడగొంతు ప్రతి అంతస్తుకీ లెక్క చెబుతుంది గదమ్మా, మనిషి ఉన్నట్టుంటుంది అన్నాడు. నేను నవ్వాను. తర్వాత కిటికీలోంచి చాలాసేపు బయటికి చూస్తూ కూర్చున్నాను.

కర్నూలు దాటాక బస్సు ఆపిన చోట జొన్నరొట్టె, శెనక్కాయల పొడి, గుత్తివంకాయ పెట్టారు. మా ఆఫీసు కింద కాఫీకిచ్చే డబ్బులో సగానికి కడుపు నిండింది. వడ్డించినావిడ ఇంకో రొట్టె అడగకుండానే వేసింది, వద్దన్నా తీయలేదు. మా కోస్తాలో బతిమాలి వడ్డిస్తారు. ఇక్కడ బతిమాలడాలు లేవు, వేసేస్తారు. రెండో పద్ధతే బాగుందనిపించింది.

షేర్ ఆటో

అనంతపురంలో బస్సు దిగి ఇంకో చిన్న బస్సు, అక్కడ్నుంచి షేర్ ఆటో. గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. నా ఒళ్ళో ఎవరిదో స్టీలు క్యాను, కాళ్ళ దగ్గర కోళ్ళ గంప. నా చెప్పు ఒకటి గంప కిందికి జారిపోయి, దిగేటప్పటికి ఒక పెట్ట దాని మీద హాయిగా కూర్చుని ఉంది. కోళ్ళావిడ దాన్ని లేపి నా చెప్పు తన కొంగుతో తుడిచి ఇచ్చింది.

రాళ్ళవంక పండగ సంగతి పూర్తిగా విన్నది ఆవిడ దగ్గరే. ఏడాదికొకసారి ఒక మంగళవారం, పొద్దు పొడవక ముందే ఊరు ఊరంతా లేచి ఊరి పక్క వాగును, వాళ్ళ మాటలో వంకను దాటి అవతలి చేలలోకి పోతుంది. ముసలీ ముతకా, పసిపిల్లలు, గొడ్లు, మేకలు, కోళ్ళు, కుక్కలు. ఊళ్ళో పొయ్యి వెలగకూడదు, దీపం వెలగకూడదు. వంట, తిండి, ఆట అంతా అవతల చింతతోపులోనే. పగలంతా ఊళ్ళో సుంకులమ్మ ఒక్కతే తిరుగుతుంది. పొద్దు గూకినాక పూజారి ముందు వచ్చి గుళ్ళో దీపం పెడితే, ఆ నిప్పు తెచ్చుకుని ఇంటింటా పొయ్యి వెలిగిస్తారు. పూర్వం నూనె దీపాలకే ఉన్న కట్టడి ఈ మధ్య కరెంటుకూ వచ్చిందట. అదీ నిప్పేనని పెద్దలు తేల్చారు.

ఇళ్ళకు తాళాలు వేస్తారా అని అడిగాను. వెయ్యరట, తలుపులు తీసే ఉంచాలట, ఆయమ్మ వచ్చి చూసుకుంటుందట. దొంగలు పడితే?

"అందురూ బయట ఉంటే దొంగ మాత్రం లోపలెట్లుంటాడమ్మా. వాడూ మాతోనే బువ్వ తింటా ఉంటాడు."

ఆటోలో అందరూ నవ్వారు. నాకు కూడా నవ్వొచ్చింది.

మహేశ్వరి ఇల్లు

నల్ల బండలు పరిచిన మిద్దె, ముందు చిన్న వసారా. లోపలి గదిలో ఇనుప మంచం మీద మహేశ్వరి. మొహం గుండ్రబడింది, చేతులు సన్నబడ్డాయి. నన్ను చూడగానే ఏడుస్తుందేమోనని భయపడ్డాను.

"నల్లబడినావక్కా. ఆఫీసులో ఏసీ చెడిపోయిందా?"

పక్కన కూర్చున్నాను. మా ఆఫీసు మలుపులో తన బండి చోట ఇప్పుడెవరున్నారని అడిగింది. మొబైలు కవర్లు అమ్మే కుర్రవాడున్నాడన్నాను. వాడు బజ్జి పెట్టడు గదా, మంచిదే, నువ్వు బతికిపోతివి అంది. గదికి ఒక కిటికీ, అందులోంచి ఎదురింటి గోడ. పైన దూలాలు. ఆమె రెండేళ్ళుగా చూస్తున్నవి అవే.

సాయంత్రం వదిన లలితమ్మ ఆమెను పక్కకు తిప్పి వీపు తుడుస్తుంటే నడుము కింద అరచేయంత మచ్చ కనిపించింది. పుండు మానిన మచ్చ. పోయినేడు పండక్కి మంచాన్ని ట్రాక్టరు ట్రాలీలో పెట్టి తీసుకుపోయారట. ఆ కుదుపులకు ఒరుసుకుపోయి పుండై, మానేసరికి వానలు పడ్డాయట. ఒరుసుకుపోతున్నప్పుడు ఆమెకు తెలియలేదు, అక్కడ స్పర్శ లేదు కాబట్టి. కుదుపులు పనికిరావని డాక్టరు చెప్పిన మాట లలితమ్మే చెప్పింది. మరి రేపు? రేపూ ట్రాక్టరే.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె అన్న రామచంద్రను పట్టుకుని అడిగాను. మెతక మనిషి. తల వంచుకుని చెప్పాడు.

"ఇడ్సిపెట్టి పోతే ఊర్లో మాటొస్తాదక్కా. ఈ ఏడు వాన పడకపోయినా, ఎవురింట్లో గొడ్డు చచ్చినా, ఆయమ్మ తిరిగేనాడు మనిషిని పెట్టుకున్నందుకే అంటారు. మేము ఈడ బతకల్ల గదా."

ఎవరంటారో వాళ్ళ దగ్గరికే పోదాం పద అన్నాను. మహేశ్వరి నా చెయ్యి పట్టుకుని అక్కా అని ఏదో అనబోయింది. నువ్వేం భయపడకు, నేను చూసుకుంటాను అని లేచాను.

గుడి అరుగు

సుంకులమ్మ గుడి పెద్దదేం కాదు. గోపురం లేదు, నాలుగు రాతి స్తంభాల మండపం, లోపల పసుపు పూసిన రాయి. పండగ పేరు మాత్రం చుట్టుపక్కల మండలాల్లో అందరికీ తెలుసు. అరుగు మీద పెద్దలు కూర్చుని రేపటి ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నారు. నడిమధ్య నారాయణప్ప, ఊరికి పెద్దదిక్కు, నా తండ్రి వయసు మనిషి. చాప వేసి కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. నిలబడే మాట్లాడాను.

ఈ ఆచారం ఎక్కడ పుట్టిందో ముందు చెప్పాను. కలరా, ప్లేగు రోజుల్లో ఊరు ఖాళీ చేసి ఇళ్ళకు ఎండా గాలీ తగలనివ్వడం మంచి పద్ధతి. దానికి దేవత పేరు పెట్టారు. మనిషి ఆరోగ్యం కోసం పుట్టిన కట్టడి మనిషి ఒంటిని పుండు చేస్తే అది తన పని తనే చెడగొట్టుకున్నట్టు కాదా అని అడిగాను. నారాయణప్ప శ్రద్ధగా విన్నాడు. అట్లనా, మా తాత వేరే చెప్పేవాడు, అయినా నీది బాగుందమ్మా అన్నాడు. డాక్టరు మాట చెప్పాను, మచ్చ సంగతి చెప్పాను. మీ సుంకులమ్మ తల్లే అయితే, లేవలేని బిడ్డ ఇంట్లో ఉంటే కోపగించుకుంటుందా అని అడిగాను. నమ్మనివాళ్ళు నమ్మేవాళ్ళ దేవుణ్ణి సాక్షికి పిలవడం పాత ఎత్తుగడ. సభల్లో ఎప్పుడూ పారుతుంది.

పారింది. వాళ్ళలో వాళ్ళు కాసేపు మాట్లాడుకున్నారు. మహేశ్వరిని ఇంట్లో ఉంచవచ్చు, తోడుగా నేనుండాలి, నిప్పు వెలిగించకూడదు. ఒకాయన ఫ్యాను కూడా వెయ్యకూడదన్నాడు. ఫ్యానులోంచి వచ్చేది గాలి కదండీ, నిప్పెలా అవుతుంది అన్నాను. అరుగంతా నవ్వింది. ఆ షరతూ పోయింది.

నిజం చెప్పాలి. ఎన్నో సభల్లో మాట్లాడాను. ఒక ఆచారం నా కళ్ళ ముందు, నా మాటతో, ఒక్క అంగుళం జరగడం అంతకుముందు చూడలేదు. దాదాపు పరుగున ఇంటికొచ్చి మహేశ్వరికి చెప్పాను, నిన్ను కదిలించరు, నేనుంటాను, ఫ్యాను కూడా ఒప్పించాను.

అట్లనా అంది. వదినా, లైటు తీసేయ్ అంది. అలసిపోయిందనుకున్నాను.

ఊరు ఖాళీ

చీకటితోనే మొదలైంది. గొడ్ల గంటలు, పిల్లల ఏడుపులు, ట్రాక్టర్లు, గిన్నెల చప్పుడు. ఒక తాతను మనవడు వీపున మోసుకుపోతున్నాడు. ఒక అమ్మాయి పిల్లిని కూరగాయల సంచిలో పెట్టుకుంది, తల మాత్రం బయటికి. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ కిటికీ దగ్గర ఆగి మహేశా, పోయొస్తామే అంటున్నారు. ఆమె అందరికీ బదులు చెప్పింది, ఊఁ పోండి, బాగా తినండి. లలితమ్మ మా కోసం చిత్రాన్నం, పెరుగన్నం, సద్దిరొట్టెలు మూతలు పెట్టి ఉంచింది. గడప దాటుతూ వెనక్కి చూసింది.

తెల్లవారేసరికి ఒక్క శబ్దం లేదు. ఊరు మొత్తానికీ మా ఫ్యాను చప్పుడొక్కటే.

మహేశ్వరి గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోనిద్దామని నేను ఊరు చూడటానికి బయల్దేరాను. అన్ని తలుపులూ తెరిచి ఉన్నాయి. ఒక ఇంట్లో చాప మీద సగం కుట్టిన రవికె, ఇంకో ఇంట్లో అద్దం ముందు మూత తీసిన పౌడరు డబ్బా. గంపకు దొరకని కోడిపెట్ట ఒకటి వీధి నడుమ, ఎన్నికల్లో గెలిచినట్టు నడుస్తోంది. గుడి కూడా తెరిచే ఉంది. నేను మండపంలో కూర్చున్నాను. లోపలికి తొంగి చూశాను కూడా. పసుపు రాయి, ఎండిన పూలు.

ఖాళీ నాకు కొత్త కాదు. దసరా సెలవుల్లో మాదాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఆ అద్దాల భవనాలన్నీ ఇలాగే ఉంటాయి. ఎక్కడికీ వెళ్ళనవసరం లేని నేను ఆ రోజుల్లో ఆఫీసుకు పోయి పని చేసుకుంటాను, అది నాకు ఇష్టమని అందరికీ చెబుతాను. కానీ ఆ ఖాళీలో ఎవరెక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఊరంతా ఒకే చోటికి పోయింది. గాలి ఇటు తిరిగినప్పుడు వంక అవతల నుంచి డప్పు సన్నగా వినిపిస్తోంది. నవ్వులు కూడా విన్నట్టనిపించింది. పిలిస్తే వినపడేంత దూరంలో అంతమంది ఉండి, నేనిక్కడ ఒక్కదాన్నే ఉండటం, నా అద్దె ఇంట్లో ఏళ్ళ తరబడి ఉన్నదానికంటే బరువుగా ఉంది. ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

గడప

వచ్చేసరికి ఆమె మేలుకునే ఉంది. అసలు నిద్రపోలేదు. డప్పు ఇనపడిందా అని అడిగింది. వినపడిందన్నాను. చిత్రాన్నం పెట్టబోతే ఆకలి లేదంది. ఇప్పుడు వాళ్ళు ఏం చేస్తుంటారో చెప్పడం మొదలుపెట్టింది. మేము బొబ్బట్లనే ఓళిగలు కాల్చడం అయిపోయి ఉంటుంది. ఆడోళ్ళు చింతమాను కింద కూర్చుని ఒకరి మొగుణ్ణి ఇంకొకరు ఎక్కిరిస్తా ఉంటారు. పోయినేడు తన మంచాన్ని సరిగ్గా నడిమధ్య వేశారట. అందరూ తన మంచం పట్టె మీదే కూర్చున్నారట. ఎవరెవరి పిల్లలనో తెచ్చి పక్కన పడుకోబెట్టారట. పైన చింతాకులు, వాటి సందుల్లో ఆకాశం.

అప్పుడు నాకు అర్థమైంది. అయినా అడిగాను, మరి పుండు?

"పుండు మానిపాయ గదక్కా. ఆ పొద్దు మాత్రం ఏడాదంతా ఉండింది నాకు."

ముందే ఎందుకు చెప్పలేదన్నాను. నా గొంతులో కొంచెం కోపం కూడా ఉంది, దాచను.

"నన్ను అడిగితివా? డాక్టరేం చెప్పినాడో అడిగితివి, వదిన్ని అడిగితివి, అన్నను అడిగితివి. గుడికాడికి పోయి సుంకులమ్మకు కోపమొస్తాదా అని గూడా అడిగితివంట. నన్ను అడగల్ల గదా."

బయట కోడిపెట్ట వసారాలోకి వచ్చి మమ్మల్ని చూసి వెళ్ళిపోయింది.

రామచంద్రకు ఫోను చేస్తానన్నాను. వద్దంది. పొద్దు గూకకముందు వంక దాటి రాకూడదు, ఆయప్ప రానూ లేడు, నేను పిలిస్తే రాకుండానూ ఉండలేడు, ఎందుకు ఆయప్పను చంపేది అంది. అయితే నేనే తీసుకుపోతానన్నాను. ఆమె నవ్వింది. వెక్కిరింపు కాదు, జాలితో. మంచానికి నాలుగు కోళ్ళు ఉంటాయక్కా, నీకు రెండే చేతులు.

తలవైపు పట్టుకుని లాగాను. ఇనుప కోళ్ళు బండల మీద కీచుమన్నాయి. అంగుళం, ఇంకో అంగుళం. ఆగి పరుపు సర్దడం, ఆమె నడుము కింద దిండు సరిచేయడం, మళ్ళీ లాగడం. చెమటతో కళ్ళద్దాలు జారిపోయాయి. ఆమె పడుకునే అజమాయిషీ చేసింది, ఎడమకు, ఎడమకక్కా, నీకు ఎడమ తెలుసా. గది దాటి వసారా తలుపు దాకా వచ్చాం. అక్కడ గడప. పాతకాలపు గడప, మోకాలికి కాస్త దిగువన. ఎత్తి దాటించాలంటే రెండో వైపు ఎవరో ఒకరు కావాలి. ఎంత చుట్టూ తిరిగి చూసినా ఆ రెండో మనిషిని నేను కాలేకపోయాను. ఊరంతటితో ఒక్కదాన్నే వాదించి గెలిచానే, మంచం ఎత్తడానికి మాత్రం ఒక్కదాన్ని చాల్లేదు.

చివరికి ఆమె తల గడప దగ్గరికి వచ్చేలా మంచం సర్ది ఆపాను. వసారా చూరుకూ ఎదురింటి మిద్దెకూ మధ్య చీర అంచంత ఆకాశం కనిపిస్తోంది. ఇంతే వచ్చింది అన్నాను. ఇది చాల్లే అంది. చాలదని ఇద్దరికీ తెలుసు. నేను గడప మీద కూర్చుని ముద్దలు కలిపి పెట్టాను. చిత్రాన్నంలో ఉప్పు తక్కువైందని లలితమ్మను ఇద్దరం కలిసి ఆడిపోసుకున్నాం. డప్పు వినిపించినప్పుడల్లా ఆమె మాట ఆపేది. అది ఆగాక మళ్ళీ మొదలుపెట్టేది.

పొద్దు గూకినాక

పూజారి వచ్చాడు, గుళ్ళో దీపం వెలిగింది, తర్వాత ఊరు వచ్చింది. దుమ్ముతో, నవ్వులతో, నిద్రపోయిన పిల్లలతో. మహేశ్వరి తలుపు దగ్గర ఉందని చూసి ఆడవాళ్ళు ఆగారు, కానీ దగ్గరికి రాలేదు. కదిలిస్తే పుండైతాదంటనే, పడుకోనీ అని ఒకరికొకరు చెప్పుకుని గొంతులు తగ్గించి పోయారు. నేను నిన్న చెప్పిన మాటలే అవి. అప్పుడే ఊరంతా నడుస్తున్నాయి.

నారాయణప్ప ఇద్దరు ముగ్గురితో కలిసి మా వసారా ముందుకు వచ్చాడు. చింతతోపులో అందరం మాట్లాడుకున్నామమ్మా, నువ్వు చెప్పింది మంచి మాటే అన్నాడు. ఇకమీదట మంచాన పడినోళ్ళను, లేవలేని ముసిలోళ్ళను ఊర్లోనే ఇడ్సిపెట్టి పోయేట్టు కట్టడి మారుస్తున్నారట. మహేశ్వరికి వచ్చే ఏడు కూడా ఆ బాధ ఉండదట.

నా పాతికేళ్ళ రాతలకు ఇంతకంటే పెద్ద బహుమానం ఉండదు. ఒక ఊరు తన ఆచారాన్ని మార్చుకుంది. మహేశ్వరి పైకి చూస్తోంది, నా వైపు కాదు.

ఆ మాట వెనక్కి తీసుకోండి అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నిన్న నేను చెప్పింది సగమేనని, ట్రాక్టరు తప్పు కానీ తీసుకుపోవడం తప్పు కాదని, ఆమెను అందరితో పాటు లెక్కలో ఉంచమని చెప్పాను. దేవత పేరు ఎత్తలేదు, కలరా పేరు ఎత్తలేదు. మాటలు తడబడ్డాయి. పక్కనున్నాయన నిన్నొకటి, నేడొకటి, చదువుకున్నోళ్ళతో ఇదేప్పా అన్నాడు. నారాయణప్ప మాత్రం, ఇందులో ఏది నిజమమ్మా అని నెమ్మదిగా అడిగాడు.

"నన్నడక్కండి," అన్నాను. "ఆమెనడగండి."

వాళ్ళు నా మీదుగా, గడప మీదుగా ఆమె వైపు చూశారు. వీధిలో పోతున్నవాళ్ళూ ఆగారు. మహేశ్వరి గొంతు సవరించుకుంది.

"పెద్దనాయనా, నేను చచ్చినాక నలుగురొచ్చి మోస్తారు గదా. బతికుండంగా మోయండి. ట్రాక్టరొద్దు, భుజాల మీద. మెల్లగా నడిస్తే వంక దూరమేం కాదు."

ఆ మాట అనగూడదే అన్నాడు నారాయణప్ప. అన్నాను లే, ఇప్పుడు పేర్లు చెప్పండి అంది. రామచంద్ర ఒక కోడు నాదన్నాడు. అతని గొంతు అంత గట్టిగా ఉండగలదని అప్పుడే తెలిసింది. ఎదురింటి ఆయన ఒకటి. పిల్లి సంచి అమ్మాయి తండ్రి ఒకటి. నాలుగోది నా కొడుకు పట్టుకుంటాడు అన్నాడు నారాయణప్ప.

మీ కొడుకు పొడుగు, మంచం వాలుతాది, నాలుగోది అక్క అంది మహేశ్వరి.

అందరూ నా వైపు తిరిగారు. వచ్చే ఏటికి నాకు సెలవు దొరకాలన్నాను. ఎత్తే బలం లేదన్నాను. ఆమె అలాగే చూస్తోంది. చివరికి అసలు మాట చెప్పాను, ఇది మీ దేవత పండగ, నాకు ఆమె మీద నమ్మకం లేదు, నమ్మకం లేకుండా ఇందులో చేయి పెట్టడం నాకూ మీకూ మర్యాద కాదు.

"నువ్వు మోసేది ఆయమ్మను కాదు గదక్కా," అంది మహేశ్వరి. "నన్ను."